పిల్లల ఆటసామాను మీ వంటింట్లోనే ఉంది: ఈ రోజే ఒక గంప నింపండి!

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలోని తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు, బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్లకు విజ్ఞప్తి

అక్కలారా, అన్నలారా, అవ్వలారా, తాతలారా!

ఈ కరపత్రం అందిన ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే ఈ పొద్దే ఒక పని చేయండి. ఒక చిన్న గంప తీసుకోండి. అందులో ఒక స్టీలు గ్లాసు, ఒక చెక్క గంటె, గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి, మెత్తటి పాత చీరముక్క, బియ్యం కొలిచే సోల ఒకటి, గిద్దె ఒకటి వేయండి. అన్నీ సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి వేయండి. బిడ్డను చాప మీద కూర్చోబెట్టి గంప ముందు పెట్టండి. మీ ఫోను లోపలి అర్రలో పెట్టి వచ్చి పక్కన కూర్చోండి. అరగంట చాలు. అరగంట దొరక్కపోతే పావుగంటైనా సరే.

ఇంత చిన్న పనికి కరపత్రం దేనికని అడుగుతారేమో. మన ఊళ్లలో ఈ చిన్న పని ఆగిపోతున్నది, అందుకే అచ్చు వేయించాం. బువ్వ తినాలన్నా ఫోను, ఏడుపు ఆపాలన్నా ఫోను, నిద్రపోవాలన్నా ఫోను. కామారెడ్డి బస్టాండులో బస్సు కోసం కూర్చున్న పది నిమిషాలకు కూడా ఫోనే. ఇంకోపక్క, బిడ్డకు మంచి బొమ్మ కొనిచ్చే తాహతు లేదని మనసులో కుమిలిపోయే తల్లులున్నారు. దుకాణంలో అద్దాల వెనక మెరిసే బొమ్మ ధర అడిగి, బిడ్డ చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగే తండ్రులున్నారు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఇది: మీరు బిడ్డకు ఏమీ తక్కువ చేయలేదు. ఆ బొమ్మ చేసే పని మీ ఇంట్లో సోల చేస్తుంది, ఇంకా బాగా చేస్తుంది.

ఎట్లా చేస్తుందో కళ్లతో చూడండి. పది నెలల బిడ్డ చేతికి సోల ఇవ్వండి. ముందు నోట్లో పెట్టుకుంటుంది. చల్లగా ఉంది, నున్నగా ఉంది, అంచు గుండ్రంగా ఉంది. ఇదంతా నాలుకతో, చిగుళ్లతో తెలుసుకుంటుంది. ఆ తర్వాత తిప్పుతుంది. లోపల తన మొహమే వంకరగా కనబడితే ఒక్క క్షణం కదలకుండా ఆగిపోతుంది. నేలకేసి కొడుతుంది. బండ మీద ఒక చప్పుడు, చాప మీద ఇంకో చప్పుడు. మళ్లీ కొడుతుంది, ఈసారి మీ మొహంలోకి చూస్తూ కొడుతుంది. మీరు నవ్వితే ఇంకా గట్టిగా కొడుతుంది. ఇప్పుడు గిద్దె అందించండి. దాన్ని సోలలో వేస్తుంది, పడుతుంది. బయటికి తీసి, సోలను గిద్దెలో పెట్టబోతుంది, పట్టదు. తిప్పి అడుగువైపు నుంచి పెట్టి చూస్తుంది, పట్టదు. మూతి ముడుస్తుంది. సరిగ్గా అప్పుడు మన చెయ్యి ఉరుకుతుంది, "ఇట్ల కాదు బిడ్డా, అట్ల" అని. దయచేసి ఆ చెయ్యి ఆపండి. పెద్దది చిన్నదాంట్లో పట్టదన్న సంగతిని ఆ బిడ్డ ఆ నిమిషంలో తనంతట తాను కనుక్కుంటున్నది. ఆ పని మనం చేసిపెడితే తనకు చేసుకోవడానికి ఏమీ మిగలదు.

బజార్లో ఒకదాంట్లో ఒకటి ఇమిడే రంగురంగుల ప్లాస్టిక్ గ్లాసులు అందమైన డబ్బాలో పెట్టి అమ్ముతారు. మన ఇళ్లలో బియ్యం కొలిచే సామాను ఎన్ని తరాల నుంచో ఉంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. రెండేళ్ల బిడ్డ నీళ్లు ఒక కొలతలోంచి ఇంకో కొలతలోకి పోస్తూ, ఒలకబోస్తూ, మళ్లీ నింపుతూ గంటసేపు ఆడుతుంది. బడిలో లెక్కలు మొదలుపెట్టే నాటికి ఎక్కువ, తక్కువ, సగం, నిండుగా అన్నవి ఆ చేతులకు అలవాటై ఉంటాయి. ఒలికిన నీళ్లు తుడుచుకోవచ్చు. అవ్వలారా, దానికి కోప్పడకండి.

చెంచా కింద పడేస్తుంది. మీరు తీసి ఇస్తారు. మళ్లీ పడేస్తుంది. సతాయిస్తున్నదని అనుకోకండి. పడేసిన ప్రతిసారీ కిందికే పోతుందా, ప్రతిసారీ చప్పుడవుతుందా, ప్రతిసారీ అమ్మ తీసిస్తుందా అని పరీక్షిస్తున్నది. మీ నడుం నొప్పి పెడితే చెంచాకు జానెడు గుడ్డపేలిక కట్టి, తనే లాక్కునేలా చేయండి. జానెడు మించిన తాడుగానీ పేలికగానీ వద్దు, మెడకు చుట్టుకుంటుంది.

ఈ మాటలు వట్టి ముచ్చట్లని కొందరికి అనిపించవచ్చు. వాళ్ల కోసం ఈ సంగతి: జమైకా అని ఒక దీవి దేశం ఉంది. దాని రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదల వాడల్లో, 1986లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టరమ్మ, ఆమెతో పనిచేసేవాళ్లు 129 మంది పిల్లలను ఎంచుకున్నారు. అందరూ రెండేళ్లలోపువాళ్లు, తిండి చాలక వయసుకు తగ్గ ఎత్తు పెరగనివాళ్లు. అందులో సగం మంది ఇళ్లకు వారానికి ఒక గంట ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్లేది, మన ఆశా అక్కల లాగా. ఆమె సంచిలో ఖరీదైనవేమీ లేవు. ఖాళీ సీసాలు, డబ్బాలు, గుడ్డముక్కలు, అట్టలతో చేసిన బొమ్మలు. వాటితో బిడ్డతో ఎట్లా ఆడాలో, ఏం మాట్లాడాలో తల్లికి చూపించి, బొమ్మను ఆ ఇంట్లోనే ఉంచి, పై వారం ఇంకోటి తెచ్చేది. రెండేళ్లు ఇదే నడిచింది. ఆ పిల్లలు పెద్దయి 22 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, ఆట అందినవాళ్ల సంపాదన ఆట అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువ ఉంది. 2014లో ఈ సంగతి సైన్స్ పత్రికలో అచ్చయింది. సీసా, డబ్బా, గుడ్డముక్క, పక్కన కూర్చుని మాట్లాడే తల్లి. అంతకు మించి ఆ ఆటలో ఏమీ లేదు.

మన దేశంలోనూ ఈ దారి కొత్తది కాదు. మహారాష్ట్రలోని బోర్డి ఊళ్లో 1945లో తారాబాయి మోడక్ పల్లె పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టారు. ఆ తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్బాడ్ కొండ మీది వార్లీ గిరిజన పిల్లల వాకిళ్లకే బడిని తీసుకెళ్లారు. విదేశీ సామాను కొనే డబ్బు లేక ఆకులు, గింజలు, గవ్వలు, రాళ్లే ఆటసామాను చేసుకున్నారు. ఇంగ్లండులో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆమె, కూర్చోవడం వచ్చి ఇంకా పాకని బిడ్డల ముందు ఒక గుండ్రటి గంప పెట్టేది. అందులో చెక్క చెంచాలు, తాళాలు, బ్రష్షులు, గుడ్డలు, అన్నీ ఇంటి వస్తువులే, ప్లాస్టిక్ ఒక్కటీ ఉండేది కాదు. చేతికి ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి గరుకు, ఒకటి చల్లన. ప్లాస్టిక్ బొమ్మలు వంద ఉన్నా చేతికి అన్నీ ఒక్కలాగే తగులుతాయి. మన పాత ఇళ్లలో బిడ్డ ఈ గంప లేకుండానే ఇదంతా ముట్టుకునేది. కుమ్మరి గురుగులు, తాటికాయల బండి, జొన్న బెండు బొమ్మలు, బట్ట బొమ్మలు చేసిచ్చిన చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. తాతలారా, ఆ చేతులు మీవే.

బీడీలు చుట్టే అక్కలతో కొంచెం ఎక్కువ మాట్లాడాలి.

మన జిల్లాలో చాట ఒళ్లో పెట్టుకుని, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని పనిచేసే తల్లులు వాడవాడకూ ఉన్నారు. కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి, ఆకు తడిపి ఉంది, పొద్దు గూకుతున్నది, బిడ్డ ఏడుస్తున్నది. అప్పుడు చేతికి దొరికేది ఫోనే. దీనికి మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అడిగేది ఇంతే. మొదటిది, మీ చాట బిడ్డకు అందని ఎత్తులో ఉండాలి. పాకే బిడ్డ చిటికెడు తంబాకు నోట్లో వేసుకున్నా విషమే. వాంతులవుతాయి, చెమటలు పడతాయి, బిడ్డ మగతగా పడిపోతుంది. అట్లా అయితే ఇంటి వైద్యం చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పాలివ్వడానికి ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కత్తెర పని అయిన క్షణమే పైన పెట్టండి. రెండోది, బిడ్డకూ తంబాకు అంటని ఒక కొత్త చాట పెట్టండి, ఈనెలు లేచి గుచ్చుకోకుండా అంచుకు బట్ట కుట్టండి. అందులో నాలుగు పెద్ద మూతలు, ఒక గ్లాసు, ఒక గుడ్డ ఉండాలి. అమ్మ చాట అమ్మకు, బిడ్డ చాట బిడ్డకు. మూడోది, అన్నిటికంటే పెద్దది: చేతులు పనిలో ఉన్నా నోరు పనిలో లేదు. మాట్లాడండి. "ఇది పెద్దాకు, ఇది చిన్నాకు, ఇది చినిగిపోయింది." కట్ట కట్టేటప్పుడు గట్టిగా లెక్కపెట్టండి, బిడ్డకు వినబడేలా. బిడ్డ "బ్బ" అంటే మీరూ "బ్బ" అనండి, ఏదో పెద్ద ముచ్చట చెప్పినట్టు "అవునా, ఇంకేమైంది?" అని అడగండి. ఫోనులో బొమ్మ పాడుతూనే ఉంటుంది, బిడ్డ ఏమన్నా తిరిగి జవాబివ్వదు. మీరు ఇస్తారు.

తండాల్లోని తల్లులారా, మీ బిడ్డతో గోర్ బోలిలోనే మాట్లాడండి, పాడండి. మద్నూరు, జుక్కల్ వైపు ఇళ్లలో మరాఠీ ఉంటే మరాఠీ, కన్నడం ఉంటే కన్నడం. తెలుగు, ఇంగ్లీషు బడికి పోయాక వస్తాయి. అమ్మకు బాగా వచ్చిన భాషే బిడ్డకు మొదటి ఆట.

నాట్లకు, కలుపుకు కైకిలి పోయే తల్లులు బిడ్డను అవ్వ దగ్గర వదిలి పోతారు. పొద్దున పోయేటప్పుడే గంప నింపి అవ్వకు అప్పజెప్పండి. దుబాయి, మస్కట్, సౌదీలో ఉన్న అన్నలారా, మీకూ ఒక మాట. బిడ్డకు మీ మీద ప్రేమ కలగాలని వచ్చేటప్పుడు పెట్టెలో రిమోట్ కారు తెస్తారు. తేవద్దని అనడం లేదు. వీడియో కాల్ చేసినప్పుడు మాత్రం "నీ గంపలో ఏమేం ఉన్నాయి బిడ్డా, నాకొకటి చూపించు" అని అడగండి. బిడ్డ గ్లాసు చూపిస్తే మీరూ అక్కడ ఒక గ్లాసు చూపించండి. తను కొడితే మీరూ కొట్టండి. ఇదొక్కటి ఫోను చేయగలిగిన మంచి పని. మిగతాదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే హద్దు చెప్పింది: రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ ముందు కూర్చోబెట్టవద్దు, ఆ తర్వాత అయిదేళ్లలోపు రోజుకు గంట మించవద్దు.

ఇక జాగ్రత్తలు. ఈ భాగాన్ని చదవలేనివాళ్లకు చదివి వినిపించండి, గోడకు అంటించండి. ఇంటి వస్తువులన్నీ ఆటసామాను కావు.

బొమ్మల కంపెనీలకు ఒక కొలత ఉంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలోని ఏ ముక్కా సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టకూడదు. పట్టిందంటే బిడ్డ గొంతులోనూ ఇరుక్కుంటుంది. మీ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి జారిపోయేది ఏదైనా గంపలో వేయకండి. మన ఇళ్లలో ఎక్కువ భయం చింతగింజలతో, సీతాఫలం గింజలతో, పల్లీలతో, పుట్నాలతో, గోలీలతో, రూపాయి బిళ్లలతో, గుండీలతో. మక్కలు ఒలిచే కాలంలో వాకిట్లో గింజలుంటాయి, పాకే బిడ్డను అక్కడ ఒంటరిగా వదలకండి. చిన్న సీసాలో గింజలు పోసి గిలక చేయాలనుకుంటే, మూత బిగించి చుట్టూ టేపు గట్టిగా చుట్టి, పెద్దవాళ్లు బలమంతా పెట్టి తిప్పినా ఊడకపోతేనే ఇవ్వండి. రోజూ ఒకసారి చూసుకోండి.

రిమోట్లలో, పాటలు పాడే చవక బొమ్మల్లో ఉండే గుండీ అంత బ్యాటరీని మింగితే, అది రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, ఆసుపత్రికి ఉరకండి. పురుగుమందు డబ్బా, గడ్డిమందు సీసా ఎన్నిసార్లు కడిగినా బిడ్డకు ఇవ్వకండి, నీళ్లకూ నూనెకూ వాడకండి. గాజు గాజులు, అద్దం వద్దు. మొహం చూసుకోవడానికి మెరిసే స్టీలు తాంబాళం చాలు. రంగు పెచ్చులూడే పాత సామాను, తుప్పు పట్టిన డబ్బా, పదునైన అంచున్న రేకు, పాలిథిన్ కవర్ వద్దు. నీళ్ల ఆట ఆడిస్తే మీరు చెయ్యి చాచే దూరంలో ఉండాలి. అయిపోగానే బకెట్ బోర్లించండి. జానెడు కాదు, నాలుగు వేళ్ల లోతు నీళ్లలోనూ పసిబిడ్డ ప్రాణం పోతుంది.

గొంతులో ఏదైనా అడ్డం పడి, బిడ్డ దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు రాక, ఏడుపు రాక మొహం నల్లబడుతుంటే ఒక్క క్షణం ఆగకండి. ఏడాదిలోపు బిడ్డనైతే మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, దవడ పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కండి. బయటపడేదాకా ఇట్లా మార్చి మార్చి చేయండి, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. కనబడని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి కెలకకండి, అది ఇంకా లోపలికి పోతుంది. ఈ పద్ధతిని ఒకసారి ఏఎన్ఎమ్ అక్కను అడిగి చేతులతో నేర్చుకోండి.

బొమ్మ కొనేవాళ్లు కొనండి, అయితే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి.

ఇప్పుడు ఊరి పని. వడ్ల అన్నలారా, మీ దగ్గర మిగిలిన టేకు, వేప ముక్కలు పిడికెడు సైజులో కోసి, నాలుగు మూలలూ గరుకు కాగితంతో రుద్ది, అంగన్‌వాడీకి ఒక సంచి ఇవ్వండి. రంగు వేయకండి, వార్నిష్ పూయకండి. దర్జీ అన్నలారా, కత్తిరింపు ముక్కలు పారేయకండి. నూలు, పట్టు, ఉన్ని, జీన్సు ముక్కలు జానెడు మేర కోసి ఇస్తే చాలు, పసిచేతులకు అదే పుస్తకం. కిరాణా దుకాణపు సేట్లు ఖాళీ అట్టపెట్టెలు ఇవ్వండి. పెద్ద అట్టపెట్టె ఒక్కటి దొరికితే రెండేళ్ల పిల్లకు అదే ఇల్లు, అదే బస్సు. కుమ్మరి అన్నలారా, రంగు లేని గురుగులు మళ్లీ చేయండి, మేం కొంటాం.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2 నుంచి నడుస్తున్నాయి. మూడేళ్లు దాటిన పిల్లలు అక్కడికి వచ్చి ఆడతారు, పాడతారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది. కడుపుకు అది మంచిదే. అదే మూడేళ్లలో బిడ్డ మెదడు అన్నిటికంటే వేగంగా పెరుగుతుంది. రెండేళ్లు నిండేసరికి దాని పరిమాణం పెద్దవాళ్ల మెదడులో నాలుగింట మూడొంతులు దాటుతుంది. ఆ మెదడుకు కావాల్సిన ఆట మాత్రం ప్యాకెట్‌తో పాటు ఇంటికి రావడం లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో 'నవచేతన' పేరుతో పుట్టిన బిడ్డ నుంచి మూడేళ్ల బిడ్డ దాకా నెలనెలా ఏ ఆట ఆడించాలో క్యాలెండరు తయారుచేసింది. అది కాగితంలో ఉంటే లాభం లేదు, గడప దాటి రావాలి.

అందుకే మా పిలుపు ఇది. బాలామృతం తీసుకునే రోజున ప్రతి తల్లీ ప్యాకెట్‌తో పాటు ఒక ఆట అడిగి నేర్చుకుని ఇంటికి పోవాలి. "టీచరమ్మా, మా బిడ్డకు ఎనిమిది నెలలు, ఈ నెల ఏం ఆడించాలె?" అని అడగండి. అడిగితే చెప్తారు, పదిమంది అడిగితే పద్ధతి అవుతుంది. మీరు ఇంట్లో కనిపెట్టిన ఆట ఉంటే టీచరమ్మకూ చెప్పండి. టీచరమ్మలు చేస్తున్న పని ఇప్పటికే ఎక్కువ, రిజిస్టర్లు ఎక్కువ, మాకు తెలుసు. అందుకే బరువంతా వాళ్ల మీద వేయడం లేదు. మహిళా సంఘం అక్కలు వచ్చే మీటింగులో అప్పు, పొదుపు లెక్కలయ్యాక పావుగంట దీనికి ఇవ్వండి. ప్రతి సభ్యురాలు తన ఇంటి గంప తెచ్చి మధ్యలో గుమ్మరించాలి. ఏది ఉంచాలో, ఏది ప్రమాదమో అందరూ కలిసి ఏరండి. గంప లేని ఇంటికి సంఘమే ఒకటి నింపి ఇవ్వాలి. గ్రామ పంచాయతీ పెద్దలు అంగన్‌వాడీ వాకిట్లో ఒక మూల నీడ, ఒక చాప, ఒక నీళ్ల తొట్టి, ఒక ఇసుక కుప్ప ఏర్పాటు చేయాలి. ఇసుక మీద రాత్రి పట్టా కప్పాలి, లేకపోతే కుక్కలూ పిల్లులూ పాడుచేస్తాయి.

కామారెడ్డి పట్టణంలో, ఎల్లారెడ్డిలో, లింగంపేట, గాంధారి, తాడ్వాయి, నాగిరెడ్డిపేట, సదాశివనగర్ పల్లెల్లో, తండాల్లో ఈ కరపత్రం పంచుతున్నాం. చదివాక మడిచి జేబులో పెట్టుకోకండి. పసిబిడ్డ ఉన్న పక్కింటికి ఇవ్వండి. జాగ్రత్తల భాగాన్ని కత్తిరించి వంటింటి తలుపు వెనక అంటించండి. ఈ రాత్రి బువ్వ వండేటప్పుడు బిడ్డను పొయ్యికి దూరంగా, మీకు కనబడేలా కూర్చోబెట్టి, చేతికి గంటె ఇచ్చి, ముందు గిన్నె బోర్లించండి.

ఇట్లు,
మీ ఊళ్ల తల్లులు, అంగన్‌వాడీ టీచర్లు, బడి పంతుళ్లు
కామారెడ్డి – ఎల్లారెడ్డి